శేషారత్నం లెక్కపెట్టిన జిగురు కణాలు

ఫిలింనగర్‌లో హీరోలంటే వెర్రెత్తిపోనివాళ్ళు తక్కువ. ఆ తక్కువమందిలో శేషారత్నం ఒకతె. పంతొమ్మిదేళ్ళపాటు ఆమె హీరోలందర్నీ నెగటివ్‌లో చూసింది. నెగటివ్‌లో ఎంతటి అందగాడికైనా పళ్ళు నల్లగా, జుట్టు తెల్లగా, మొహం నాచుపట్టిన పిట్టగోడలా ఉంటుంది. రోజుకి ఎనిమిది గంటలు అలాంటి మొహాలు చూసిన మనిషికి వాటిమీద భక్తి నిలవడం కష్టం.

ఆమె నెగటివ్ కట్టర్. కెమెరాలో తిరిగిన అసలు ఫిలింని ఎవరూ ముట్టుకోరు. దాన్నుంచి తీసిన ప్రింటుని ఎడిటర్ తన చిత్తం వచ్చినట్టు కోసుకుంటాడు, అతికించుకుంటాడు, మళ్ళీ ఊడదీస్తాడు. చివరికి ఇదీ సినిమా అని తేలాక, ఫిలిం అంచుమీద చీమకాళ్ళంత ఉండే నంబర్లు సరిచూసి, అసలు నెగటివ్‌ని సరిగ్గా అదే చోట కత్తిరించి, జిగురు రాసి అతికించేది శేషారత్నం. ఎడిటర్ పొరపాటు చేస్తే ఇంకో ప్రింటు వస్తుంది. శేషారత్నం పొరపాటు చేస్తే ఆ షాటు ఇక భూమ్మీద లేదు. పంతొమ్మిదేళ్ళలో అలా ఒక్కటీ పోలేదు. అందుకు ఆమెకి దక్కిన మర్యాద, టైటిల్స్‌లో సర్రున జారిపోయే పేర్ల మధ్య ఒక పేరు. అదీ సగంసార్లు 'శేషరత్న' అని తప్పుగా.

డైరెక్టర్లు ఆమె దృష్టిలో తాము ఏం తీశారో తెలియక ఎడిటర్‌ని అడిగేవాళ్ళు. నిర్మాతలు, వేరే ఊళ్ళో ఏదో అమ్ముకుని వచ్చి ఇక్కడ తెలివి కొనుక్కోవాలని చూసేవాళ్ళు. ఈ అభిప్రాయాలు ఆమె దాచుకునేది కాదు. అందుకే ఫిలిం ల్యాబులో ఆమె బల్ల పక్కన ఎవరూ ఎక్కువసేపు నిలబడేవాళ్ళు కాదు. పని మాత్రం ఆమెకే ఇచ్చేవాళ్ళు.

తమ్ముడి విషయంలోనూ ఆమె ఇలాగే తీర్పు చెప్పేసింది. రామకృష్ణ ఆమెకన్నా ఏడేళ్ళు చిన్న. మద్రాసులో ఉన్న రోజుల్లో ఒక రికార్డింగ్ థియేటర్లో చేరి, మంచి చెవి ఉన్న కుర్రాడని పేరు తెచ్చుకున్నాడు. ఇరవై రెండో ఏట, స్పీకర్లలోంచి తనని తిడుతున్నారని పని మధ్యలో లేచి వచ్చేశాడు. ఆ తరవాత స్పీకర్లు లేనిచోట కూడా తిట్లు వినిపించాయి. ఆ పైన, పక్కింటివాళ్ళు తన ఆలోచనలు లాగేసుకుంటున్నారన్నాడు. డాక్టరు చీటీమీద స్కిజోఫ్రీనియా అని రాసి మాత్రలిచ్చాడు. అవి వేసుకుంటే మాటలు తగ్గేవి గానీ చేతులు వణికేవి, మధ్యాహ్నందాకా నిద్ర లేచేవాడు కాదు. ఎవరో గిట్టనివాళ్ళు చేయించారని తల్లి అమ్మాజీ చివరిదాకా నమ్మింది. తాయెత్తులు కట్టింది. అయినా మాత్రలు మాత్రం ఒక్కపూటా తప్పకుండా మింగించింది.

పరిశ్రమతో పాటు వాళ్ళ కుటుంబమూ హైదరాబాదు వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకి అమ్మాజీ కన్నుమూసింది. శేషారత్నానికి చేతబడులమీద నమ్మకం లేదు. తెలివైన మనిషి కనక ఆమెకి ఇంకో సంగతి తట్టింది. వీడు నటిస్తున్నాడు. పని చెయ్యకుండా కూర్చుని తినడానికి ఇంతకన్నా మంచి వేషం ఎక్కడ దొరుకుతుంది? తల్లి పోయిన మూడో నెలలో, పడుకోడానికి మళ్ళీ మందు కూడానా అని, మాత్రలు తేవడం మానేసింది.

అప్పట్నించి రామకృష్ణ బోరబండలో వాళ్ళు కిరాయికున్న రెండు గదుల్లో వెనక గదిలోనే ఉండేవాడు. ఎండాకాలంలో కూడా రెండు చొక్కాలు ఒకదానిమీద ఒకటి వేసుకుని, గోడకి వీపు ఆనించి కూర్చునేవాడు. అప్పుడప్పుడు ఎవరికో తలూపేవాడు. పొద్దున్నే పనికి బయల్దేరుతూ ఆమె గుమ్మంలోంచి, "షాటు అయిపోయింది నాయనా, ఇక లే" అనేది. అతను లేచేవాడు కాదు. చూశావా, నేననుకున్నదే నిజం అన్నట్టు తలుపు దగ్గరికి వేసి వెళ్ళిపోయేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఊరు మారిపోయింది. మాదాపూర్ వైపు రాళ్ళు పగలగొట్టి అద్దాల మేడలు కట్టారు. నలుగురు కూర్చునే ప్రతిచోటా ఒకడు సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడటం, మిగతా ముగ్గురూ తలూపడం మొదలైంది. రెండువేల ఆరుకల్లా కంప్యూటర్లు ల్యాబులోకీ వచ్చాయి. నెగటివ్‌ని కత్తిరించకుండానే మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కడే కోసుకోవచ్చన్నారు. ఏడాది తిరిగేసరికి కటింగ్ సెక్షన్ మూసేశారు. ఒక నిర్మాత వచ్చి శేషారత్నానికి శాలువా కప్పి, ఈవిడ సేవలు మరువలేనివి అని పేరు కోసం చేతిలో కాగితం చూసుకున్నాడు. ఆమె ఆ శాలువాని మర్నాడే వెనక గదిలో పరుపుమీద వేసింది.

నలభై ఐదేళ్ళ వయసు. పదో తరగతి చదువు. చేతిలో ఉన్న ఒకే ఒక్క విద్యని లోకం వద్దనేసింది. ఆ సమయంలో, ఇదివరకు ఎడిటింగ్ రూములో పనిచేసిన ఒకాయన చెప్పాడు, జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీకి కళ్ళు బాగున్నవాళ్ళు కావాలట అని.

కంపెనీ పేరు నోవామెంటా. ఒకప్పుడు ఒక డిస్ట్రిబ్యూటరు సింహం తలకాయల స్తంభాలతో కట్టించుకుని, వరసగా నాలుగు సినిమాలు పోయాక కిరాయికిచ్చిన బంగళాలో ఉంది. ఈతకొలనులో నీళ్ళకి బదులు జనరేటర్ పెట్టారు. యజమాని క్రాంతికుమార్, భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఇంటి కుర్రాడు. అంతకుముందు ఒక సినిమా తీశాడు. అది శుక్రవారం మొదలై ఆదివారానికి ముగిసింది. ఊళ్ళో ఎటు గాలి వీస్తే అటు తలుపులు తీసే మనిషి కనక, అతను ఇప్పుడు ఐటీ అయ్యాడు. ఏదో విదేశీ యూనివర్సిటీ నించి, చనిపోయినవాళ్ళ మెదడు ముక్కల ఫోటోలు కంప్యూటర్‌కి వస్తాయి. వాటిలో ఫలానా రకం కణాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి పంపాలి. దానికి క్రాంతికుమార్ ఇంజినీరింగ్ చదివి ఉద్యోగాలు రాని పాతికమంది పిల్లల్ని పెట్టుకున్నాడు.

శేషారత్నాన్ని చూసి అతను మొదట, వంటమనిషి ఉద్యోగానికి వచ్చిందేమో అనుకున్నాడు. సంగతి విని మొహమాటంగా పరీక్ష పెట్టాడు. చుక్కల బొమ్మలు ఇరవై ఇచ్చి, ఎన్ని చుక్కలో చెప్పమన్నాడు. ఆమె లెక్క ఒక్కచోట తప్ప అన్నిటా సరిపోయింది. ఆ ఒక్కచోట జవాబుల కాగితమే తప్పని తేలింది. ఇక తీసుకోక తప్పలేదు.

పని నేర్పినాయన కాశీవిశ్వనాథం. పాథాలజీ ప్రొఫెసరుగా రిటైరై, వారానికి మూడు రోజులు అక్కడికి వచ్చేవాడు. మనిషి ఊచలా ఉంటాడు, మాట మెల్లగా ఉంటుంది. మొదటిరోజు తెరమీద ఒక ఫోటో వేసి చెప్పాడు. మెదడులో నరకణాలుంటాయని అందరికీ తెలుసు. వాటి చుట్టూ గ్లియా అనే ఇంకో జాతి కణాలుంటాయి. గ్లియా అంటే గ్రీకు భాషలో జిగురు. నూటయాభై ఏళ్ళ కింద వాటిని చూసినాయన, ఇవేవో నరకణాల్ని అతికించి ఉంచే బంక అనుకుని ఆ పేరు పెట్టాడు. ఆ తరవాత వందేళ్ళు పెద్దగా ఎవరూ వాటిని పట్టించుకోలేదు, అందరి కళ్ళూ నరకణాలమీదే.

జిగురు సంగతి తెలియని పండితులు అని శేషారత్నం మనసులో అనుకుంది. అతుకు ఊడితే సినిమా హాల్లో ఏమవుతుందో ఆమెకి తెలుసు.

గ్లియాలో రకాలున్నాయన్నాడు డాక్టరు. నక్షత్రంలా ఉండేవి నరకణాలకి తిండి అందిస్తాయి. సన్నగా వంకరగా ఉండేవి చెత్త ఊడుస్తాయి. మూడో రకం, ఆలిగోడెండ్రోసైట్లు, నరాల తీగలకి కొవ్వుపొర చుడతాయి, కరెంటు వైరుకి ప్లాస్టిక్ తొడుగులాగా. ఆ తొడుగుంటేనే కబురు వేగంగా, దారి తప్పకుండా వెళ్తుంది. మీరు లెక్కపెట్టవలసింది వీటినే అని తెరమీద చూపించాడు. నరకణం పెద్దగా, పాలిపోయి, నడుమ బొట్టుతో ఉంటుంది. ఇవి చిన్నగా, గుండ్రంగా, చిక్కగా ఉంటాయి.

"ఈ మెదళ్ళలో కొన్ని స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళవి, కొన్ని లేనివాళ్ళవి" అన్నాడాయన.

ఆ మాట ఆమె పదహారేళ్ళ కింద మద్రాసులో చీటీమీద చదివింది. ఇన్నాళ్ళకి ఇంకొకరి నోట వింది. ఏ ఫోటో ఎవరిది అని అడిగింది.

"నాకూ తెలీదమ్మా. చెప్పరు. తెలిస్తే మన కన్ను మనకి నచ్చిన లెక్క చెబుతుంది."

సినిమాలో గానీ కంపెనీలో గానీ, తన కన్నుని తనే అనుమానించే మనిషిని శేషారత్నం అంతవరకు చూడలేదు. ఆ ఒక్క మాటతో ఆయనమీద ఆమెకి గౌరవం కలిగింది. ఇది ఆమె జీవితంలో తరచుగా జరిగే విషయం కాదు.

మిగతావాళ్ళమీద కలగలేదు. రోజుకి నలభై ఫోటోలు చెయ్యాలని క్రాంతికుమార్ నియమం పెట్టాడు. పిల్లలు వారం తిరక్కుండానే దానికి మందు కనిపెట్టారు. ఒక ఫోటోలో సగటున ఎన్నుంటాయో చూసుకుని, ఆ సంఖ్యకి అటూ ఇటూ ఏదో ఒకటి కొట్టి, మిగతా టైమంతా వేరే ఉద్యోగాలకి దరఖాస్తులు పెట్టుకునేవాళ్ళు. సాయిసుధ అనే అమ్మాయి రోజుకి యాభై రెండు చేసి, 'స్టార్ ఆఫ్ ద వీక్' అని గోడమీద ఫోటో పెట్టించుకుంది. శేషారత్నం పద్దెనిమిది చేసేది. క్రాంతికుమార్ ఆమెని గదిలోకి పిలిచి, ప్రొడక్టివిటీ అనే మాట తొమ్మిదిసార్లు అన్నాడు. ఆమె తొమ్మిదీ లెక్కపెట్టి బయటికొచ్చింది.

ఒకరోజు క్రాంతికుమార్ తన పాత స్నేహితుడు, ఒక డైరెక్టరుని వెంటబెట్టుకొచ్చి ఆఫీసు చూపించాడు. ఆ డైరెక్టరు పిచ్చివాడి కథ ఒకటి రాస్తున్నాడట. హీరోయిన్ పోయాక హీరోకి మతి చలిస్తుంది, పగలు ఒక మనిషి, సాయంత్రం ఇంకో మనిషి అవుతాడు. ఆఖర్న విలన్ ఇనపకడ్డీతో తలమీద కొడితే బాగైపోతాడు. అదంతా చెప్పి అతను శేషారత్నం తెరలోకి వంగి, పిచ్చివాళ్ళ మెదడు రంగు వేరుగా ఉంటుందా అని అడిగాడు.

"రంగు ఆ యూనివర్సిటీవాళ్ళు వేసిందండీ, కనబడటానికి. ఇకపోతే తలమీద కొడితే ఉన్న కణాలు కూడా చస్తాయి. మీ హీరోకి పోవడానికి ఏమైనా ఉంటే" అంది.

డైరెక్టరు నవ్వాడు, ఈ డైలాగు వాడుకుంటానన్నాడు. అతనికి అవమానం కూడా అందలేదని ఆమెకి విసుగేసింది.

కానీ ఇంటికెళ్ళాక ఆ కథ ఆమెని వదల్లేదు. పిచ్చి అంటే వేషం అనుకునే ఆ డైరెక్టరుకీ, తొమ్మిదేళ్ళుగా వెనక గది గుమ్మంలో నిలబడి మాట్లాడే తనకీ తేడా ఏమిటన్న అనుమానం వచ్చింది. ఆమెకి తనమీద అనుమానం రావడం అలవాటు లేదు. అందుకని దాన్ని ఇంటి ఓనరు పోచయ్య దగ్గర, వేరేవాళ్ళ సంగతిలా కదిపింది. పోచయ్య స్టూడియోల్లో సెట్లు వేసిన కార్పెంటరు. ఇప్పుడు పని మానేసి, వాకిట్లో కూర్చుని స్టూళ్ళు బాగుచేస్తాడు. మధ్యాహ్నాలు ఆమె పనికి వెళ్ళాక రామకృష్ణకి చాయ్ ఇచ్చేది ఆయనేనని ఆమెకి ఆరోజే తెలిసింది.

ఆయన చెక్క చిత్రికపట్టే రందా పక్కన పెట్టి చెప్పాడు: "ముప్పై ఏండ్లు సెట్లల్ల పనిచేసిన అమ్మా. యాక్టింగ్ చేసెటోళ్ళు కెమెరా బందైతె చాయ్ తాగుతరు, సిగరెట్ తాగుతరు. నీ తమ్ముడు ఎవ్వలు చూడకున్నా గట్లనే ఉంటడు. గది యాక్టింగ్ కాదు."

శేషారత్నం లోపలికి వెళ్ళి అన్నం వండింది.

మర్నాడు డాక్టరుగారు ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళి, నాకు తెలిసినవాళ్ళ అబ్బాయికి ఈ జబ్బుందండీ అని మొదలుపెట్టింది. ఆ అబ్బాయి ఎవరో ఆయన కనిపెట్టాడు గానీ పైకి అనలేదు. మాటలు వినిపించడం సరే, పొద్దస్తమానం గోడకానుకుని కూర్చోవడం కూడా జబ్బేనా, లేక బద్ధకమా అని అడిగింది.

"అదీ జబ్బేనమ్మా. నెగటివ్ లక్షణాలంటాం. ఉండాల్సినవి లేకపోవడం. మాట, హుషారు, లేచి స్నానం చేద్దామన్న కోరిక."

"మా పనిలో నెగటివ్ అంటే అసలుదండీ. మిగతావన్నీ దాని నకళ్ళు."

ఆయన ఒకవిధంగా ఇక్కడా అంతే అన్నాడు. లేనివి వినిపించడం మందులకి చాలావరకు లొంగుతుంది, ఇదే మొండిది, ఇంట్లోవాళ్ళు అపార్థం చేసుకునేదీ దీన్నే అన్నాడు. అయితే ఆ జిగురు కణాలు తక్కువైతే ఇలా అవుతుందా అని ఆమె పట్టుకుంది.

ఆయన చాలా జాగ్రత్తగా చెప్పాడు. మెదడు ముందు భాగంలో కొన్ని పొరల్లో ఆ కణాలు తక్కువున్నాయని కొందరు రాశారు, తేడా లేదని ఇంకొందరు రాశారు. తక్కువైతే తొడుగు పల్చబడి, కబురు వేళకి చేరదేమో. తన ఆలోచన తనదేనని మెదడు పోల్చుకునేలోపే అది పరాయి గొంతులా వినిపిస్తుందేమో. "ఏమో అనే అంటున్నాను, గమనించండి. అవి తగ్గడంవల్ల జబ్బొచ్చిందో, జబ్బువల్ల అవి తగ్గాయో, ఏళ్ళతరబడి మింగిన మందులవల్లో ఇంకా ఎవరికీ తెలీదు. అందుకే కూర్చుని లెక్కపెడుతున్నాం."

"ఇంత చదువూ చదివి ఏమో అంటారేంటండీ" అంది ఆమె.

"చదివాను కనకే అంటున్నాను. ఒక్కటి మాత్రం ఏమో కాదు. పెంపకంవల్ల రాలేదు, చేతబడివల్ల రాలేదు, వేషం అంతకన్నా కాదు. మీకు తెలిసినవాళ్ళు మందులు మానిపించి ఉంటే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి."

ఆమె రెండురోజులు సెలవు పెట్టింది. రామకృష్ణని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి పోచయ్య తోడొచ్చాడు. ఈ ఊళ్ళో ఎవరినైనా తిట్టాలంటే ఎర్రగడ్డ పంపాలంటారు. వెళ్ళినవాళ్ళు అక్కడ ఎంత ఓపిగ్గా వరసలో నిలబడతారో, తిట్టేవాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. ఒక చిన్న వయసు డాక్టరమ్మ రామకృష్ణని కూర్చోబెట్టి, తొందర లేకుండా అడిగింది. మాటలు వినిపిస్తాయా అంటే తలూపాడు. ఎవరి గొంతులు అంటే చాలాసేపటికి చెప్పాడు. "మొదట్లో స్పీకర్లలో వాళ్ళవి. ఇప్పుడు ఎక్కువగా మా అక్కది."

"ఏమంటుంది?"

"లెమ్మంటుంది."

డాక్టరమ్మ రాసుకుంది. పక్క కుర్చీలో ఉన్న శేషారత్నం వైపు చూడకుండా ఉండేపాటి సంస్కారం ఆ పిల్లకుంది. పంతొమ్మిదేళ్ళలో ఒక్క షాటూ పోగొట్టలేదని చెప్పుకునే మనిషి, చేతిసంచి పట్టీ మెలిపెడుతూ కూర్చుంది. ఎవరినో ఒకర్ని తీసిపారేద్దామన్నా ఆ గదిలో తను తప్ప ఎవరూ దొరకలేదు. మందులు ఎప్పుడు ఆపారు, ఎవరు ఆపారు అని డాక్టరమ్మ అడిగితే, "నేనే ఆపానండీ, తొమ్మిదేళ్ళయింది" అని చెప్పింది. మందాపినందుకు ఆమెని తిట్టలేదెవరూ. తిట్టి ఉంటే కొంచెం సులువుగా ఉండేది.

మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారివి కొత్త రకం, చేతులు అంతగా వణకలేదు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి మాట్లాడటం ఆమె మానేసింది. మంచినీళ్ళూ మాత్రా ఇచ్చి, మింగేదాకా పక్కన కూర్చుని వెళ్ళేది.

ఇది జరిగిన రెండు నెలలకి యూనివర్సిటీ వాళ్ళు నోవామెంటాని పట్టుకున్నారు. ఇదివరకు పంపిన ఫోటోల్లోనే రెండువందలు తీసి, నంబర్లు మార్చి, ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పంపారు. అదే ఫోటోకి మొదటిసారి ముప్పై ఒకటని, రెండోసారి పంతొమ్మిదని లెక్కలు వెళ్ళాయి. ఇదేమిటి, ఆ రెండువందలూ ఇంకోసారి లెక్కపెట్టి బుధవారానికల్లా పంపండి అని రాశారు. క్రాంతికుమార్‌కి అవమానం కంటే భయం ఎక్కువైంది. పాత లెక్కలన్నీ ప్రింటు తీయించి, ఏ ఫోటోకి ఏ సంఖ్య కొట్టాలో రాసి, అందరి బల్లలమీదా ఒక్కో కాగితం పెట్టించాడు. దీనికి రెండు అటూ ఇటూగా కొట్టండి, మరీ అచ్చంగా వద్దు, అనుమానం వస్తుంది అన్నాడు. అతను తీసిన సినిమాలో కూడా ఇంత శ్రద్ధ కనపడలేదు.

శేషారత్నం కాగితాన్ని బోర్లాపెట్టి తన ఫోటోలు మళ్ళీ మొదట్నించి లెక్కపెట్టింది. బుధవారం పొద్దున కాశీవిశ్వనాథంగారు వచ్చి, అందరి లెక్కలూ ఇంత బాగా ఎలా కుదిరాయని సంతోషపడుతుంటే, ఆమె లేచి ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. పదకొండు గంటలకి తెరమీద యూనివర్సిటీ వాళ్ళు కనిపించగానే, క్రాంతికుమార్ నోరు తెరిచేలోపు సంగతంతా ఆయనే చెప్పేశాడు.

పది రోజుల్లో కాంట్రాక్టు పోయింది, నెలాఖరుకి కంపెనీ మూతపడింది. సామాను సర్దుకుంటూ సాయిసుధ ఆమె దగ్గరికొచ్చింది.

"మీ ఒక్కరి నిజాయితీ కోసం ఇరవై ఆరుమందిమి రోడ్డున పడ్డాం ఆంటీ. చుక్కలేగా అవి."

"చుక్కలు కాదమ్మా. మనిషి చచ్చిపోయాక, ఏడుపు మధ్యలో ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టి ఇచ్చిన మెదడు. ఇంకోడికి పనికొస్తుందని ఇచ్చారు. నువ్వు దానికి పంతొమ్మిదో ముప్పై ఒకటో చేతికొచ్చింది కొట్టావు." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. "మా ఇంట్లో ఉన్నాడు ఆ ఇంకోడు. నా తమ్ముడు."

సాయిసుధ మొహం ఎర్రబడింది. ఆ అమ్మాయికి మూడు వారాల్లో మాదాపూర్‌లో ఉద్యోగం దొరికిందని తరవాత తెలిసింది. కనక శేషారత్నం ఆ బెంగ కూడా పెట్టుకోలేదు.

డాక్టరుగారు ఆమెని టోలిచౌకిలో ఒక చిన్న పాథాలజీ ల్యాబులో చేర్పించాడు. ఆపరేషన్లలో తీసిన ముక్కల్ని మైనంలో పోసి, కాగితంకన్నా పల్చటి పొరలుగా కోసే పని. ల్యాబు యజమాని ఆమె కోసిన పొరని వెలుతురుకి పెట్టి చూసి, ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ అన్నాడు. సినిమాల్లో అంది. అతను నవ్వులాట అనుకున్నాడు.

యూనివర్సిటీ వాళ్ళు నోవామెంటా లెక్కలన్నీ పారేశారు, రెండుసార్లూ ఒకేలా వచ్చిన ఆమెవి తప్ప. మిగతావి తమ దగ్గరే మళ్ళీ చేయించుకున్నారు. ఏడాదిన్నర తరవాత పరిశోధన అచ్చయింది. అందులో ఆమె పేరు లేదు. డాక్టరుగారు దానికి చాలా నొచ్చుకుని, ల్యాబుకే వచ్చి చెప్పాడు. ఆమె ఆ సంగతి వదిలేసి, లెక్క ఏం తేలిందండీ అని అడిగింది. మూడో పొరలో జబ్బున్నవాళ్ళకి ఆ కణాలు తక్కువున్నాయి, మిగతా పొరల్లో తేడా కనపడలేదు, ఇంకా ఎక్కువమందిలో చూడాలట అన్నాడాయన. అంతేనా అంది. అంతే అన్నాడు. ఒక్క పొర గురించి ఇంతమంది ఇన్నేళ్ళు కష్టపడి, అంతే అని ఒప్పుకోగలిగినందుకు, ఆమె ఆయనకి రోడ్డవతల హోటల్నించి చాయ్ తెప్పించింది.

ఈలోపు ఆ డైరెక్టరు సినిమా కూడా వచ్చింది. క్రాంతికుమారే నిర్మాత. పోస్టర్లమీద హీరో తలకాయ రెండుగా చీలి ఉంది. మెదడు నిపుణుల సలహాలతో తీశామని పేపర్లో చెప్పుకున్నారు. రెండు వారాలాడింది. పోచయ్య చూసొచ్చి, సెట్లు బాగలేవన్నాడు.

రామకృష్ణకి పూర్తిగా నయమైందని చెబితే అబద్ధం. గొంతులు పల్చబడ్డాయి, పోలేదు. కొన్ని రోజులు బానే ఉంటాడు, వాకిట్లోకొచ్చి పోచయ్య పక్కన కూర్చుంటాడు, చెక్కకి గరుకు కాగితం పడతాడు. కొన్ని రోజులు వెనక గదిలోంచి రాడు. రాని రోజున అన్నం అక్కడికే తీసుకెళ్ళి, తనూ అక్కడే తింటుంది శేషారత్నం. మాట్లాడదు.

ఒక ఆదివారం వాళ్ళ పెదనాన్న కోడలు మంజులత కూకట్‌పల్లినించి స్వీటు డబ్బా పట్టుకుని వచ్చింది. ఆవిడ వచ్చిన పని చాలాసేపటికి బయటపడింది. వాళ్ళకి తెలిసిన ఒక పేదింటి పిల్ల ఉందట, ముప్పై దాటింది, అడిగేవాళ్ళు లేరు. జబ్బు సంగతి ముందు చెప్పక్కర్లేదు, మూడుముళ్ళూ పడితే రామకృష్ణ దానంతటదే కుదురుకుంటాడు, మగాడికి బాధ్యత నెత్తినపడితే ఇవన్నీ ఎగిరిపోతాయి అంది.

పాత శేషారత్నమైతే నాలుగు మాటల్లో ఆవిణ్ణి మెట్లు దింపేది. కొత్త శేషారత్నమూ అదే చేసింది, కాకపోతే ఆరు మాటలు పట్టింది. మెదడులో తీగలకి తొడుగు తగ్గితే తాళిబొట్టుతో కట్టరొదినా, ఆ పిల్లేం పాపం చేసిందని మీరంతా కలిసి దాని కళ్ళకి గంతలు కడదామనుకుంటున్నారు అని అడిగింది. మంజులత నొచ్చుకుంది. నీ నోటికి భయపడే బంధువులెవరూ రావడం లేదంది. అందుకే నోటిని జాగ్రత్తగా కాపాడుకుంటున్నానంది శేషారత్నం.

అప్పుడు వెనక గదిలోంచి రామకృష్ణ వచ్చాడు. ఒక్క చొక్కాయే వేసుకున్నాడు. మంజులత వైపు కాక నేలవైపు చూస్తూ, "నాకు పెళ్ళొద్దొదినా. ఆ అమ్మాయికి అబద్ధం చెప్పొద్దు" అన్నాడు.

అంత పొడుగు మాట అతని నోట విని చాలాకాలమైంది. మంజులత చెప్పులేసుకుని, మెట్లమీద రెండుసార్లు వెనక్కి చూసి వెళ్ళిపోయింది. శేషారత్నం ఆవిడకి కాఫీ కూడా ఇవ్వలేదు. స్వీటు డబ్బా మాత్రం బల్లమీదే ఉండిపోయింది. రామకృష్ణ మూత తీసి చూసి, రెండు తిని, ఒకటి పోచయ్యకి ఇచ్చొస్తానని వాకిట్లోకి వెళ్ళాడు.